సాగు నేర్పేదెవరు?

తెగులు సోకిన రెండాకులు తుంచి జేబులో పెట్టుకుని రైతు మండల కేంద్రంలోని మందుల కొట్టుకు వెళ్తాడు. కొట్టతను ఆకును వెలుతురులోకి ఎత్తి చూసి, ఎన్నెకరాలని అడిగి, వెనక అరలోంచి ఒక సీసా, ఒక పొట్లం తీసి బల్ల మీద పెడతాడు. "రెండూ కలిపి కొట్టన్నా, నాలుగు రోజుల్లో తేడా కనబడుద్ది." డబ్బులు పంట వచ్చాకే. చిన్న రైతుకు అందే వ్యవసాయ విద్యలో చాలా భాగం ఇలా ఐదు నిమిషాల్లో, ఖాతా మీద ముగిసిపోతుంది.

ఇది ఊహ కాదు. 2003లో జాతీయ నమూనా సర్వే దేశమంతటా రైతు కుటుంబాలను అడిగింది: కొత్త సాగు పద్ధతుల గురించి మీకు ఎవరు చెబుతున్నారు? నూటికి 60 కుటుంబాలు ఎవరూ చెప్పడం లేదన్నాయి. చెబుతున్నవాళ్లలో తోటి రైతుది మొదటి స్థానం, 16.7 శాతం. తర్వాత దుకాణందారు, 13.1 శాతం. దాదాపు అతనికి సమంగా రేడియో. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి 5.7 శాతం దగ్గర ఆగిపోయాడు. కృషి విజ్ఞాన కేంద్రాల వాటా ఒక శాతానికి కూడా రాలేదు. పదేళ్ల తర్వాత జరిగిన సర్వేలోనూ ఏ సాంకేతిక సలహా అందని కుటుంబాలే దాదాపు నూటికి 60.

ఆ సర్వేల తర్వాత తెలుగు రాష్ట్రాల్లో కట్టినవి, పెట్టినవి, ప్రకటించినవి తక్కువేమీ కావు. ఇవాళ ఎకరం రెండెకరాలతో సేద్యం మొదలుపెట్టే మనిషికి ఏయే దారులున్నాయో లెక్కేస్తే జాబితా పెద్దదే అవుతుంది. అయితే ఒక్కో దారినీ రెండు ప్రశ్నలతో తూచాలి. నేర్పే మనిషి పంటకాలమంతా పొలానికి మళ్లీ మళ్లీ వస్తాడా? తాను చెప్పే సలహా వల్ల అతనికి అమ్మకం ఏమైనా ఉందా? ఈ రెండింటికీ నిలబడేవి కొద్దిగానే మిగులుతాయి.

మొదలుపెట్టే రైతు అనగానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి డ్రాగన్ ఫ్రూట్ వేసిన యువకుడే పత్రికల్లో కనిపిస్తాడు. అసలు కొత్త రైతులు వేరే ఉన్నారు. భర్త గల్ఫ్‌కు వెళ్తే, లేదా పోతే, మొదటిసారి నీళ్లు కట్టడం నుంచి అమ్మకం దాకా అన్నీ నెత్తినేసుకున్న ఆడమనిషి. ఇరవయ్యేళ్లు కూలికి వెళ్లి ఈ ఏడే అరెకరం కౌలుకు పట్టిన కుటుంబం. పట్నంలో పని పోయి ఊరికొచ్చిన కొడుకు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపే. ఆ విస్తీర్ణంలో ఒక్క పంటకాలం తప్పు దిద్దుకోవడానికి మూడేళ్లు పడుతుంది.

ప్రభుత్వ విస్తరణ చరిత్రను రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. డెబ్బైల చివర్లో ప్రపంచ బ్యాంకు ప్రోద్బలంతో, డేనియల్ బెనార్ రూపొందించిన 'శిక్షణ-సందర్శన' పద్ధతి వచ్చింది. ఉద్యోగి ఫలానా రోజున ఫలానా ఊళ్లో ఉండాలన్నది దాని నియమం. కఠినమైన పద్ధతే, పైనుంచి కిందికి దిగే పద్ధతే. అయినా మనిషి ఊళ్లోకి వచ్చేవాడు. ఆ డబ్బు ఆగాక, తొంభైలలో ఖాళీలు భర్తీ కాక వ్యవస్థ ఎండిపోయింది. ఆ ఖాళీలోకి పురుగుమందుల కొట్టు వచ్చి కూర్చుంది. 1997-98లో వరంగల్ పత్తి చేలను పురుగు తినేసినప్పుడు సలహాదారు, అప్పిచ్చినవాడు, మందమ్మినవాడు ముగ్గురూ ఒక్కరే కావడం రైతుల ఆత్మహత్యల విషాదానికి ఒక ముఖ్య కారణం. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడ్డ రైతు సంక్షేమ కమిషన్ కూడా ప్రభుత్వ విస్తరణ కూలిపోవడాన్ని సంక్షోభ కారణాల్లో ఒకటిగా చూపింది.

ఇప్పుడున్న జవాబులు రెండు. తెలంగాణలో ప్రతి 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ), అతనికో రైతు వేదిక. మొత్తం 2,601 వేదికలు, ఒక్కోదానికి రూ.22 లక్షలు. మొదటిదాన్ని 2020 అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడు మే 30న పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు తెరిచారు. 2024లో ప్రభుత్వం మారాక వాటికి రైతు సేవా కేంద్రాలని పేరు పెట్టారు.

అంకె బాగుంది. లెక్క వేద్దాం. 5,000 ఎకరాలను రెండున్నరతో భాగిస్తే రెండు వేల కుటుంబాలు. ఏఈఓ ఆదివారం కూడా మానకుండా రోజుకు పదిహేను పొలాలు తిరిగినా ఒక్కొక్కరిని ఒక్కసారి చూడ్డానికి నాలుగు నెలలు దాటుతుంది. అప్పటికి వరి కోతకొస్తుంది. అదీ వేరే పని ఏమీ లేకపోతే. పంటల నమోదు, పథకాల దరఖాస్తులు, ధాన్యం కొనుగోలు, ఎరువుల నిల్వల పరిశీలన అన్నీ ఆయన మెడకే. ఆంధ్రలో గ్రామ వ్యవసాయ సహాయకుడిదీ అదే కథ. ఈ-పంట నమోదు గడువు దగ్గరపడితే అతను పొలానికి వెళ్లేది ఫోటో తీయడానికి, పంటను చూడ్డానికి కాదు. వేదికల్లో ఇప్పుడు శాస్త్రవేత్తల వీడియో ప్రసంగాలు పెడుతున్నారు. తెర మీద చెప్పేది మంచి విషయమే కావచ్చు, వినేవాడి పొలం మాత్రం ఆ తెరకు కనబడదు. విత్తనం, ఎరువు ఊళ్లోనే దొరకడం వల్ల నకిలీల బెడద కొంత తగ్గింది, ఆ మేరకు ఈ కేంద్రాలకు మార్కులు వేయాల్సిందే. బడులుగా మాత్రం అవి ఇంకా తెరుచుకోలేదు.

భూసార పరీక్ష సంగతి చూడండి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క గోడనుంచి పైనుంచి కిందిదాకా పలుచగా మట్టి గీరాలి. అంతా గోనెపట్టా మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగిల్చాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. ఒక పూట పని, ఎవరైనా ఒక్కసారి చేయించి చూపిస్తే జన్మలో మరిచిపోరు. 2015లో మొదలైన కేంద్ర భూసార కార్డుల పథకం దీన్ని ఎలా చేసింది? నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. ఎకరం మెట్ట ఉన్న రైతు చేతికొచ్చిన కార్డు మరెవరి చేనిదో కావచ్చు. తీరా వస్తే అందులోని అంకెలు చదివి, ఈసారి డీఏపీ ఒక బస్తా తగ్గించమని చెప్పే మనిషి ఉండడు. కార్డు పాసుపుస్తకంతో పాటు ట్రంకుపెట్టెలోకి వెళ్తుంది.

దుకాణందారు ఎటూ సలహాదారే కాబట్టి అతనికే పాఠం చెబుదామన్న ఆలోచన హైదరాబాద్‌లోనే పుట్టింది. జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ 'మేనేజ్' 2003లో డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. కొట్టు మూసే రోజున క్లాసులు, పొలాల సందర్శన ఉంటాయి. దాన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు కానీ నాకది తెలివైన పనే అనిపిస్తుంది. అయితే చదువుకున్న డీలరు సరైన మందు ఇస్తాడేమో గానీ, ఏ మందూ అక్కర్లేదని చెప్పి రైతును వట్టి చేతులతో పంపడు. అతని అద్దె, అతని అప్పు ఆ సీసాలోనే ఉన్నాయి.

ఇక సంస్థలు. రాజేంద్రనగర్ చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి, చిరుధాన్యాలు, నూనెగింజల జాతీయ పరిశోధన సంస్థలు, మేనేజ్, గ్రామీణాభివృద్ధి సంస్థ అన్నీ ఉన్నాయి. అక్కడికి గంట దూరంలో చేవెళ్ల టమాటా రైతు ఆకు పట్టుకుని కొట్టుకే వెళ్తాడు. తప్పు శాస్త్రవేత్తది కాదు, ఆ సంస్థల పని పరిశోధన. కొత్తవాళ్లకు అక్కడ పనికొచ్చేది గ్రామీణాభివృద్ధి సంస్థలోని గ్రామీణ సాంకేతిక పార్కు. తేనెటీగలు, పుట్టగొడుగులు, వానపాముల ఎరువు వంటివి చేతులతో చేయిస్తారు. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు పాడి, కోళ్ల పెంపకం వంటివాటిలో తిండి, బస ఇచ్చి ఉచితంగా నేర్పుతాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. కృషి విజ్ఞాన కేంద్రం దాదాపు జిల్లాకొకటి ఉంది, వెళ్లి అడిగినవాళ్లకు మేలే చేస్తుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరు 2004 నుంచి పనిచేస్తోంది, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులో మాట్లాడతారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది గానీ, అందులో చేరేవాళ్లు సాగు చేయడానికి చేరరు.

నిపుణుడు పొలానికి రాలేకపోతే పొలాన్నే నిపుణుడి దగ్గరికి పంపే ప్రయత్నమూ ఒకటి జరిగింది. 2004లో హైదరాబాద్ ఐఐఐటీ 'ఈ-సాగు' పేరుతో వరంగల్ జిల్లాలో వెయ్యికి పైగా పత్తి చేలను తీసుకుంది. ఊరి మనిషే చేను తిరిగి ఫోటోలు తీసి పంపితే, హైదరాబాద్‌లో కూర్చున్న నిపుణులు చూసి ఏ చేనుకు ఆ సలహా తిప్పి పంపేవారు. రైతు ప్రశ్న అడిగేదాకా ఆగకపోవడం అందులోని గొప్ప విషయం. కొత్త రైతుకు ఏం అడగాలో తెలియదు, తెలిసేసరికి పురుగు కాయలో ఉంటుంది. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో చేసిన ఆ పనిని, ప్రతి చేతిలో కెమెరా ఉన్న ఈ రోజుల్లో ఎవరూ అదే పట్టుదలతో ఎత్తుకోలేదు. వచ్చిన యాప్‌లలో ఎక్కువ భాగం వాతావరణం, ధరలు చెప్పి ఊరుకుంటాయి, లేదా చివరికి ఏదో ఒకటి కొనమంటాయి.

నా రెండు ప్రశ్నలకూ గట్టిగా నిలిచేది పొలంబడి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో, సుడిదోమ బెడద మధ్య, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి అది. పాతిక ముప్పైమంది రైతులు పంట మొదలైనప్పటి నుంచి చివరిదాకా వారానికోసారి ఒకే పొలంలో కలుస్తారు. పొద్దున్నే మడిలోకి దిగి ఐమూలగా నడుస్తూ కొన్ని దుబ్బులు ఎంచుకుంటారు. దుబ్బును ఒక పక్కకు వంచి మొదట్లో అరచేత్తో తడితే దోమలు నీళ్ల మీద రాలతాయి. అవి ఎన్నో లెక్కపెడతారు. వాటితో పాటు రాలిన సాలీళ్లు, ఆకుపచ్చ మిరిడ్ నల్లులు ఎన్నో కూడా లెక్కపెడతారు. గట్టెక్కి చార్టు మీద బొమ్మ గీస్తారు: ఒక పక్క శత్రువులు, ఒక పక్క మిత్రులు, మధ్యలో మొక్క, పైన ఎండో మబ్బో. పిలక దశలో దుబ్బుకు పది పదిహేను దోమలు దాటితేనే మందు ఆలోచన. ఈలోగా మడి ఆరగట్టొచ్చు. అసలు నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడి దోమ ఇంతగా పెరగదు. ఒక్క పంటకాలం ఇలా చేసినవాడికి కొట్టు బల్ల ముందు నిలబడ్డప్పుడు అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ శాఖ ఈ బడుల్ని పెద్ద ఎత్తున నడిపింది. తర్వాత అవి లక్ష్యాల లెక్కలోకి వెళ్లాయి. కొన్నిచోట్ల వారాలు మానేసి సంతకాలు మాత్రం పూర్తి చేయడం మొదలైంది.

రైతే రైతుకు నేర్పడంలో మన దగ్గరున్న అనుభవం దేశంలో మరెక్కడా ఇంతగా లేదేమో. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరు పురుగుమందులు మానేసి, 2004 ప్రాంతంలో ఆ సంగతి బాహాటంగా ప్రకటించింది. అక్కడ వాడింది వేపగింజల కషాయం, దీపపు ఎరలు, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం. ఐదు కిలోల గింజల పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున పిండి, కాస్త సబ్బుపొడి కలిపి వంద లీటర్లు చేసి సాయంత్రం పూట కొడతారు. పొద్దుటెండలో కొడితే వేప గుణం పోతుంది. ఇలాంటి వివరం పుస్తకంలో ఉన్నా, పక్కింటి ఆమె చెబితేనే చేతికి వస్తుంది. ఆ అనుభవాన్ని పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్లకు తీసుకెళ్లింది. అదే 2016 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమైంది.

ఆ కార్యక్రమం మీద వాదం ఉంది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, అప్పట్లో దాన్ని పిలిచిన పేరైన 'పెట్టుబడి లేని' సేద్యానికి శాస్త్రీయ ఆధారం చాలదని బహిరంగంగా అంది. 2024లో అదే కార్యక్రమానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారంలో వాటా దక్కింది. అందులో వాడే జీవామృతంతో దిగుబడి ఎంత అన్న తగువులోకి నేను దిగను. అది పంటను బట్టి, నేలను బట్టి మారేది, తేల్చాల్సింది పొలాలే. బడిగా మాత్రం ఇంత బలమైనది మరొకటి నాకు కనబడలేదు. తన పొలంలో చేసి చూసినవాళ్లే పక్క ఊళ్లో ఉండి నేర్పుతారు. వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. చెప్పేది తప్పయితే వాళ్ల చేనే సాక్ష్యం. వాళ్లకిచ్చే గౌరవ వేతనం రాష్ట్ర ఖజానా మీద, జర్మనీ అభివృద్ధి బ్యాంకు అప్పు మీద, దాతల సాయం మీద ఆధారపడి ఉంది. అసలు భయం అక్కడే.

జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో దక్కన్ అభివృద్ధి సంఘం ఇంకొంచెం ముందుకెళ్లింది. ఎర్రనేలల్లో ఒకే చేలో పదీ పన్నెండు రకాల పంటలు కలిపి వేసే దళిత మహిళా రైతులు అక్కడ విత్తనాలు దాస్తారు, కెమెరా పట్టుకుని వీడియోలు తీస్తారు. 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంగం రేడియో నడుపుతున్నదీ వాళ్లే. సాయంత్రం ఆ రేడియోలో వినిపించేది తమ యాసలో తమ ఊరి పంట ముచ్చటే. ఆ సంఘం ఆధ్వర్యంలోనే ఒక కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. శాస్త్రవేత్త, రైతు ఒకే గట్టు మీద కూర్చునే అవకాశం అలా వచ్చింది.

చదివి నేర్చుకునేవాళ్లకు 1969 నుంచి అన్నదాత, ఆ తర్వాత రైతునేస్తం వంటి పత్రికలు చేసిన సేవ పెద్దది. ఇప్పుడు ఆ స్థానంలో యూట్యూబ్ కూర్చుంది. అందులో నిజంగా నేర్పే రైతులున్నారు. ఎకరానికి పది లక్షలు అన్న శీర్షికలూ ఉన్నాయి. ప్రతి పదేళ్లకూ ఒక అద్భుత పంట వస్తూనే ఉంటుంది. సఫేద్ ముస్లి వచ్చింది, ఈము పక్షులు వచ్చాయి, పోయాయి. వీటన్నిటిలో లాభపడ్డది మొదట పక్షి పిల్లలు, మొక్కలు అమ్మినవాళ్లే. వీడియో చూసేవారు ఒక్కటి గమనించాలి: మాట్లాడుతున్న రైతు ఆ పంట అమ్ముతున్నాడా, నారు అమ్ముతున్నాడా?

ఈ బడుల్లో చాలాచోట్ల గేటు దగ్గర ఒక కాగితం అడుగుతారు. అది పట్టాదారు పాసుపుస్తకం. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారును, పాలికాపును, కూలీని కూడా రైతుగానే నిర్వచించింది. పథకాలకు ఆ నిర్వచనం ఎక్కలేదు. పీఎం కిసాన్ ఆరు వేలు భూమి పేరున్నవాళ్లకే. 2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధు పట్టాదారుకే అందేది, దున్నేవాడికి కాదు. ఉమ్మడి రాష్ట్రం 2011లో సాగుదారు రుణార్హత కార్డు చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పదకొండు నెలల సాగు హక్కు పత్రం తెచ్చింది, దానికి యజమాని సంతకాన్ని షరతుగా పెట్టారు. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడన్న భయం కౌలుదారుది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద సకాలంలో కడితే నాలుగు శాతానికే మూడు లక్షల దాకా పంట రుణం దొరికే దేశంలో, తాకట్టు లేని రుణం రెండు లక్షలకు పెంచిన 2025లోనూ, కౌలుదారు అప్పు కోసం మళ్లీ మందుల కొట్టుకే వెళ్తాడు. అప్పు ఎక్కడుందో సలహా అక్కడే ఉంటుంది. 2019 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో 91కి పైగా రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి.

నిజానికి కౌలుదారుకు బడి తలుపు తెరవడం రుణం ఇచ్చినంత కష్టం కాదు. పొలంబడిలో కూర్చోవడానికి, శిక్షణకు పేరు రాసుకోవడానికి పాసుపుస్తకం అక్కర్లేదని ఒక్క ఉత్తర్వు చాలు. ఆడవాళ్ల విషయంలోనూ అంతే. దేశంలో ఆడవాళ్ల పేర కమతాలు 14 శాతం దగ్గరే ఉన్నాయి, నాట్లు, కలుపు, కోతల్లో వాళ్ల వాటా ఎంతో ఏ ఊరి వాళ్లకైనా తెలుసు. పథకం పేరు మీద నడిచే శిక్షణకు మాత్రం గట్టు మీద నిలబడ్డ భర్తకే పిలుపొస్తుంది.

చివరగా, ఈ బడులన్నీ దాదాపు వదిలేసిన పాఠం అమ్మకం. పండించడం నేర్పేవాళ్లు పది రకాలుంటే, తూకం, తరుగు, కమీషను, గ్రేడింగ్ నేర్పేవాళ్లు లేరు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లు కూరగాయల రైతుకు దీన్ని తెలియకుండానే నేర్పాయి. గుర్తింపు కార్డుతో సొంత సరుకు తెచ్చి బల్ల మీద పెట్టినవాడికి పదిరోజుల్లోనే తెలిసిపోతుంది, నగరం వాళ్లు ఏ సైజు బెండకాయ ఏరుకుంటారో, ఏ రోజు ఆకుకూర మిగిలిపోతుందో. పట్నానికి దగ్గరగా ఉన్న కొత్త రైతుకు నేను ముందు చూపించే చోటు అదే, వీలైతే విత్తనం వేయకముందే. మధ్య దళారులు కార్డులు సంపాదించి దూరిన బజార్లు ఉన్నాయి, నిజమే. అయినా ఆ బల్ల విలువ పోలేదు.

దూరంగా ఉన్నవాళ్లకు ఉత్పత్తిదారుల సంఘాలని చెబుతున్నారు. 2020లో కేంద్రం పది వేల సంఘాల పథకం తెచ్చింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి, నిర్వహణకు మూడేళ్లలో రూ.18 లక్షల దాకా ఇస్తారు. చాలా సంఘాలు ఎరువుల డీలర్‌షిప్ దగ్గరే ఆగిపోతున్నాయి, అంటే ఊళ్లో ఇంకో కొట్టు. దీనికి ఎదురు ఉదాహరణ తెలంగాణలోని ముల్కనూరు సహకార సంఘం. 1956లో మొదలైంది. సభ్యులకు అప్పిస్తుంది, పండింది కొంటుంది. సభ్యులు విత్తన వరి పండిస్తే శుద్ధి చేసి అమ్మేది కూడా సంఘమే. అక్కడ కొత్త సభ్యుడికి సలహా ఇచ్చేవాళ్లకు అతని పంట బాగుంటేనే లాభం, ఎందుకంటే దాన్ని రేపు కొనాల్సింది వాళ్లే. అదే ప్రాంతంలో 2002లో ఆడవాళ్ల పాల డెయిరీ మొదలై నిలదొక్కుకోవడానికి ముందే నాలుగున్నర దశాబ్దాల సంఘం అనుభవం అక్కడ ఉంది. ఇప్పుడు కొత్త సంఘాలకు నిలదొక్కుకోవడానికి ఇస్తున్న గడువు మూడేళ్లు.